మూడు సెంటీమీటర్ల గరుకు

టోర్స్‌హావ్న్‌లో, చేపల గోదాము పైన అద్దెగదిలో
నేనొక కొండను జల్లెడ పడుతున్నాను.
కోటీ ఇరవై లక్షల గళ్లు.
నేలకు ఆనుకున్నచోట పల్చగా, అప్పడాల దొంతరలా,
పైకి పోయేకొద్దీ సోమరిగా, వదులుగా.
గడిగడికీ ఒకటే ప్రశ్న:
ఈ క్షణాన నీలోంచి గాలి ఎటు పోతోంది?
గడి తన పక్కగడిని అడిగి చెబుతుంది,
పక్కది దాని పక్కదాన్ని.
పుకారు పాకినట్టే.

ఫిబ్రవరిలో బిల్లా నడిపే పాలవ్యాను
మలుపు దాటాక పక్కకి ఒరిగి పడుకుంది.
ఆమెకు మోచెయ్యి విరిగింది. పాలు
వాలు వెంట వాగుకేసి దిగుతుంటే
వాటి నురగ మాత్రం కొండమీదికి ఎగిరిందట.
మునిసిపాలిటీ వాళ్లు అడిగారు:
కంచె ఎక్కడ కట్టాలి?

ఎక్కేటప్పుడు గాలి బుద్ధిమంతురాలే.
కొండ వీపును ఒరుసుకుంటూ, వేగం కూడగట్టుకుంటూ
శిఖరం మీద ఒక్క పరుగు.
అవతల దిగాల్సి వచ్చినప్పుడే కాలు నిలవదు.
నేల వంగినంతా తాను వంగలేక
నేల చెయ్యి వదిలేస్తుంది.
ఆ ఖాళీలోకి కిందనుంచి ఇంకో గాలి,
వెనక్కి నడిచే గాలి,
పిలవని పేరంటానికి వచ్చి కూర్చుంటుంది.
తెర మీద అది నీలం. నీలమంటే సున్నాకి అవతలి అంకె.
గాఢనిద్రలో ఒత్తిగిలే కుక్కలా
అప్పుడప్పుడూ కదులుతుంది.

మొదటి నెల, లెక్క తేలికవుతుందని
కుడి అంచున బయటికి పోయిన గాలిని
ఎడమ అంచున మళ్లీ లోపలికి తోలాను.
కొండ, దాని వెనక అదే కొండ, దాని వెనకా అదే.
పాపం, ఆ గాలి సముద్రం మొహం చూడలేదు.
ఆరు రోజులు తిరిగింది.
ఏడో రోజు ఏదో ఒక గడిలో వేగం పెరిగి పెరిగి
అంకె కాకుండా పోయింది.
లెక్కంతా కుప్ప.
కిటికీ కింద అసలు గాలి
ఒక డబ్బా మూతను దొర్లించుకుంటూ రేవు దాకా పోయింది.

తడి ఉన్ని వాసనతో హానుస్ వచ్చాడు.
ఆ వాలు మీద గొర్రెలు అతనివే.
తెర ముందు చాలాసేపు నిలబడి,
"నా గోడేది, రన్‌వా?" అన్నాడు.
"ఏ గోడ?"
"మలుపు కింద. రాతిగోడ."

అడ్డంగా నా గడి పది మీటర్లు.
గోడ మందం మూరెడు.
సందులోంచి జారిపోయింది.
లేదనలేక, గరుకులో ఉందన్నాను:
గడ్డీ, రాళ్లూ, గోడా, డెబ్భై గొర్రెలూ
అన్నీ కలిపి ఒక్క అంకె, మూడు సెంటీమీటర్లు.
"నేనూ అందులోనేనా?"
"మీరూ."
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
ఆ మూడు సెంటీమీటర్లూ పట్టి చూసుకున్నాడు.
"కుక్కతో సహానా?"

నవ్వలేదు. టీ సగం తాగి చెప్పాడు:
పడమటి గాలి రోజున
నా గొర్రెలు కొండవైపు గోడ చాటుకి పోవు.
అవతలి పక్క పడుకుంటాయి. నీ నీలం అంత దూరం రాలేదే?

రాలేదు. అరవై మీటర్ల ముందే ఆగింది.

ఆ ఒక్కచోట జల్లెడ సందులు మూరలోపుకి చేశాను.
గోడను రాయి రాయిగా కాదు, ఒక గీతగా నిలబెట్టాను.
నేలమాళిగలో యంత్రాలు ముప్ఫై ఒక్క రోజులు రొప్పాయి.
నీలం పాకింది. గోడకు ఇంకా
పదకొండు మీటర్ల ఇవతలే ఉంది.

పడమటి గాలి పట్టిన రోజున అక్కడికి వెళ్లాం.
వాలు పొడుగునా తీగకి చిక్కిన ఉన్ని పోగులు
ఏడో గుంజ దాకా సముద్రంవైపు చూస్తున్నాయి,
తొమ్మిదోది మొదలు కొండవైపు.
ఎనిమిదో గుంజ మీది పోగు
ఎటూ తేల్చుకోలేక గింగిరాలు కొడుతోంది.
నా టోపీ వెనకనుంచి వచ్చి కళ్ల మీద పడింది.
హానుస్ ఏదో అన్నాడు. వినపడలేదు.

నివేదికలో రాశాను: మలుపు దాటాక నలభై మీటర్లకు,
పదకొండు అటూ ఇటూ.
ఆ అటూ ఇటూలో బిల్లా
కొత్తగా అతికిన చేత్తో
గేరు తగ్గిస్తుంది.